ఊరందరికీ లైన్ కలిపే నీటా ఊరు దాటలేకపోవడం వెనకున్న చిక్కుముడి

మొన్న ఆదివారం మా పిన్ని కూతురితో కలిసి ర్యాగెడీ మ్యాన్ అనే పాత ఇంగ్లీషు సినిమా చూస్తున్నా, సగంలో అది పాజ్ నొక్కి అడిగింది, "అన్నయ్యా, ఈవిడకి ఆ ఊళ్ళో నా అన్నవాళ్ళు లేరు, మొగుడు లేడు, జీతం చాలదు, చుట్టుపక్కలోళ్ళ చూపులు వేరే, పిల్లలిద్దర్నీ తీస్కుని బస్సెక్కేస్తే సరిపోద్ది కదా, ఎవరు పట్టుకున్నారు?" అని. నేనేదో "యుద్ధం టైమ్ కదే, ఉద్యోగం మానకూడదంట" అని సర్దిచెప్పి మళ్ళీ ప్లే నొక్కా గానీ ఆ సమాధానం నాకే ఆనలేదు, మానకూడదని అన్నదెవరు, ఏ చట్టంలో ఉంది, మానితే ఏం చేస్తారు? వారం రోజులు దీని వెనకే పడ్డాక అర్థమైందేంటంటే మా చెల్లి అడిగిన ప్రశ్నే ఈ సినిమాకి అసలు తాళంచెవి, ప్రేమకథా కాదు క్లైమాక్స్ ఫైటూ కాదు. ముందే చెప్తున్నా, క్లైమాక్స్ గురించి కూడా మాట్లాడతా, చూడాలనుకునేవాళ్ళు చూసొచ్చి చదువుకోండి.

కథ రెండు ముక్కల్లో. 1944, అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, గ్రెగరీ అనే బుల్లి ఊరు. నీటా లాంగ్లీ విడాకులు తీసుకున్న ఆవిడ, హ్యారీ, హెన్రీ అని ఇద్దరు మగపిల్లలు. ఊరి టెలిఫోన్ ఎక్స్‌చేంజి ఉండేది ఆవిడ ఇంట్లోనే, పగలూ రాత్రీ ఆ బోర్డు ముందు కూర్చుని అందరికీ లైన్లు కలపడం ఆవిడ పని. ఇంకో ఉద్యోగంలోకి మార్చమని పైఆఫీసర్ రిగ్బీని అడుగుతుంది, యుద్ధం నడుస్తోంది, నువ్వు ఈ ఉద్యోగంలో ఫ్రీజ్ అయిపోయావు అన్న ధోరణిలో ఆయన కొట్టిపారేస్తాడు. ఒక వానరాత్రి టెడ్డీ అనే నేవీ కుర్రాడు ఫోన్ చేసుకోడానికి తలుపు కొడతాడు, సెలవు నాలుగు రోజులే, తను నమ్ముకున్న పిల్ల చెయ్యిచ్చిందని తెలుస్తుంది, ఇక్కడే ఆగిపోతాడు, పిల్లలకి దగ్గరవుతాడు, నీటాకీ దగ్గరవుతాడు, ఊరు కోడై కూస్తుంది. ఇంకోపక్క ట్రిప్లెట్ అనే ఇంటిపేరున్న అన్నదమ్ములు, ఇద్దరు పోకిరీలు, ఆవిడ మీద కన్నేసి తిరుగుతుంటారు. వీళ్ళందర్నీ దూరంనుంచి చూస్తూ మొహం మీద మచ్చలతో, గడ్డి కోసే మిషన్ తోసుకుంటూ తిరిగే బెయిలీ అనే చింపిరి బట్టల మనిషి ఒకడు, సినిమాకి పేరు వచ్చింది అతన్ని చూసే, ర్యాగెడీ అంటే చింపిరి.

నీటాగా చేసింది సిస్సీ స్పేసెక్, సినిమా రిలీజైన 1981లోనే అంతకుముందు సినిమాకి ఆస్కార్ అందుకుంది. డైరెక్టర్ జాక్ ఫిస్క్ ఆమె భర్త, అప్పటిదాకా సెట్లు వేసే ఆర్ట్ డైరెక్టర్, ఇదే మొదటి డైరెక్షన్. ఆ అనుభవం ఫ్రేము ఫ్రేములో కనపడుద్ది, ఆ ఇల్లు సెట్ లాగా ఉండదు, అందులో నిజంగా ఎవరో కాపురం ఉంటున్నట్టుంటది. పెద్దబ్బాయిగా చేసిన హెన్రీ థామస్ మరుసటేడు ఈటీ సినిమాతో ప్రపంచమంతా తెలిసిపోయాడు. ఇక కథ రాసిన బిల్ విట్లిఫ్ చిన్నప్పుడు వాళ్ళ అమ్మ గ్రెగరీలోనే యుద్ధం రోజుల్లో టెలిఫోన్ ఆఫీసు నడిపింది, ఆవిడా భర్తనుంచి విడిపోయిన మనిషే. అంటే ఆ బోర్డు కింద ఆడుకుంటూ పెరిగిన పిల్లాడు రాసుకున్న కథ, ఆవిడ రోజు ఎలా గడిచేదో అంత సూక్ష్మంగా చూపించగలిగింది అందుకే.

సరే, చిక్కుముడి దగ్గరికొద్దాం, ముందు ఆ బోర్డు అర్థమవ్వాలి.

ఆ ఫోన్లకి నంబర్లు నొక్కే బటన్లుండవు, తిప్పే డయలూ ఉండదు, పక్కన చిన్న హ్యాండిల్ ఉంటది. రైతు ఎవరో దాన్ని గిరగిరా తిప్పితే ఇక్కడ బోర్డు మీద ఆ లైన్ తాలూకు చిన్న మూత టక్కున పడుద్ది. ఆవిడ ఒక తాడు పిన్ను ఆ లైన్ రంధ్రంలో గుచ్చి ఎవరు కావాలని అడుగుద్ది, జత పిన్ను అవతలివాళ్ళ రంధ్రంలో గుచ్చి వాళ్ళకి గంట కొడుద్ది, మాట్లాడ్డం అయిపోయాక వాళ్ళు మళ్ళీ హ్యాండిల్ తిప్పితే రెండూ పీకేస్తది. ఇలా రోజుకెన్నిసార్లో. రాత్రి పడుకున్నప్పుడు ఎవరన్నా చేస్తే లేపడానికి వేరే గంట. ఎవరింట్లో పురుడొచ్చినా, నిప్పంటుకున్నా, డాక్టర్ కావాలన్నా ముందు మోగేది ఈవిడ ఇంట్లోనే. మనోళ్ళలో కాస్త వయసున్నవాళ్ళకి ఇది కొత్తేం కాదు, మా ఊరి పోస్టాఫీసులో ట్రంక్ కాల్ బుక్ చేసి బెంచీ మీద రెండేసి గంటలు కూర్చున్న రోజులు నాకూ గుర్తే, ఎదురింటి పీపీ నంబర్‌కి ఫోనొస్తే చెప్పులు కూడా వేస్కోకుండా పరిగెత్తేవాళ్ళం, అక్కడ మనం ఏడ్చినా నవ్వినా వాళ్ళింటిల్లిపాదికీ తెలిసిపోయేది.

ఇక్కడొక తమాషా ఉంది. ఊళ్ళో అందరి మాటలూ వినగలిగే అవకాశం ఉన్నది ఆవిడకి, నోరు విప్పకూడనిదీ ఆవిడే, ఎందుకంటే ఒకరి సంభాషణ ఇంకొకరికి చేరవెయ్యడం 1934 కమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం తప్పు. అదే ఊరు ఆవిడ గురించి ఏం మాట్లాడుకున్నా అడిగేవాడు లేడు. పైగా చిన్న ఊళ్ళలో నాలుగైదు ఇళ్ళకి కలిపి ఒకటే తీగ ఉండేది, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు రిసీవర్ ఎత్తి వినేవాళ్ళు, గాసిప్ నడవాల్సింది కూడా ఆవిడ పెట్టిన వైరు మీంచే. నేవీ కుర్రాడు రాత్రి ఇంట్లో ఉన్నాడన్న వార్త ఊరు తిరిగొచ్చింది ఏ దార్లోనో వేరే చెప్పాలా.

అలాగే టెడ్డీ రాత్రిపూట రావడం కూడా ఊరికే కాదనిపించింది నాకు. యుద్ధం రోజుల్లో దూరపు లైన్లన్నీ మిలిటరీ కాల్స్‌తో కిక్కిరిసిపోయి ఉండేవి, బెల్ టెలిఫోన్ కంపెనీ పేపర్లలో ప్రకటనలిచ్చేది, మాటలు ఐదు నిమిషాల్లో ముగించండి, రాత్రి ఏడు నుంచి పది దాకా లైన్లు సైనికులకి వదిలెయ్యండి అని. గ్రెగరీకి అఖాతం అవతలే కార్పస్ క్రిస్టీ అనే ఊరు, అక్కడ 1941లో తెరిచిన నేవీ విమాన శిక్షణ కేంద్రం ఉంది, తర్వాత అమెరికా అధ్యక్షుడైన పెద్ద బుష్ 1943లో పైలట్ అయింది అక్కడే. అందుకని ఆ చుట్టుపక్కల తెల్ల టోపీ నేవీ కుర్రాళ్ళు కనపడ్డం మామూలు విషయం, వాళ్ళలో ఒకడు ఫోన్ కోసం తలుపు కొట్టడం కూడా మామూలే, తలుపు తీసింది మొగుడు లేని ఆడమనిషి కావడమే ఊరికి మామూలు కానిది.

ఇప్పుడు రిగ్బీ అన్న "ఫ్రీజ్" సంగతి. నేను మొదట అనుకున్నా ఇది సినిమా కోసం కల్పించిందేమో అని, కాదు, నిజంగానే ఉండేది. 1942 ఏప్రిల్‌లో అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ వార్ మ్యాన్‌పవర్ కమిషన్ అని ఒకటి పెట్టాడు, పాల్ మెక్‌నట్ దానికి ఛైర్మన్. కుర్రాళ్ళందరూ సైన్యంలోకి పోతున్నారు, మిగిలినవాళ్ళు ఎక్కువ జీతం ఎక్కడుంటే అక్కడికి దూకుతున్నారు, దీన్ని ఆపాలని 1943 ఏప్రిల్‌లో రూలు తెచ్చారు, దేశానికి అత్యవసరం అని గుర్తించిన పనుల్లో ఉన్నవాళ్ళు ఎక్కువ జీతం కోసం ఇష్టమొచ్చినట్టు వెళ్ళిపోకూడదు, వెళ్ళాలంటే ఇతన్ని వదులుతున్నాం అని పాత యజమానో ప్రభుత్వ ఉపాధి ఆఫీసో కాయితం ఇవ్వాలి. ఆ కాయితం లేకుండా మానేస్తే చాలాచోట్ల అరవై రోజుల దాకా ఇంకెవరూ పనిలో పెట్టుకోకూడదు. టెలిఫోన్లు, టెలిగ్రాఫులు, అదే కమ్యూనికేషన్స్, ఆ అత్యవసర లిస్టులో ఉన్నాయి. కాబట్టి రిగ్బీ మాట పూర్తి అబద్ధం కాదు.

కానీ పూర్తి నిజమూ కాదు. ఆ రూలు ఉద్యోగి చేతులు కట్టేసి కూర్చోబెట్టే రకం కాదు, యజమాని కాయితం ఇవ్వకపోతే ఉపాధి ఆఫీసుకి వెళ్ళి అడగొచ్చు, అప్పీలు చేసుకోవచ్చు, ఇంట్లో గట్టి ఇబ్బందులుంటే, లేదా తనకొచ్చిన పనికి ఇక్కడ తగ్గ వాడకం లేదని చూపిస్తే వదిలిపెట్టే వీలుంది. ఇంకా పెద్ద విషయం, మానేసినందుకు జైల్లో పెట్టే చట్టం అమెరికాలో అసలు రాలేదు. 1944 జనవరి 11న రూజ్వెల్ట్ కాంగ్రెస్‌ని అడిగాడు, పనిచెయ్యగలిగిన పెద్దవాళ్ళందరికీ వర్తించేలా జాతీయ సేవా చట్టం చెయ్యండి, సమ్మెలు ఆపుదాం అని, యుద్ధం అయిపోయింది గానీ ఆ చట్టం మాత్రం రాలేదు. అంటే సినిమా కథ జరిగే ఆ 1944లో నీటా పొద్దున్నే బోర్డు వదిలేసి నడిచి వెళ్ళిపోతే పోలీసులు వెనకపడరు, రెండు నెలలు జీతం ఉండదు అంతే.

అంతే అని రాసేశా గానీ ఇద్దరు పిల్లల తల్లికి ఆ రెండు నెలలే జైలు. రిగ్బీ పెద్దమనిషి తెలివంతా ఇక్కడే ఉంది, సగం రూలు, సగం బెదిరింపు, ఆ మధ్య గీత ఎక్కడుందో ఆవిడకి చెప్పేవాడు లేడు. యూనియన్ లేదు, పక్కన కూర్చుని పనిచేసే ఇంకో ఆపరేటర్ కూడా లేదు, "నాకు కూడా అలాగే అన్నాడే" అని చెప్పడానికి. పెద్ద ఊళ్ళలో వందమంది ఆడవాళ్ళు ఒకే హాల్లో బోర్డుల ముందు కూర్చునేవాళ్ళు, వాళ్ళలో తిరగబడ్డవాళ్ళున్నారు, 1947 ఏప్రిల్‌లో దేశమంతా మూడు లక్షల మందికి పైగా టెలిఫోన్ ఉద్యోగులు సమ్మె చేశారు, అందులో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఒంటరి బోర్డు ముందు కూర్చున్న ఆవిడ ఎవరితో కలిసి సమ్మె చేస్తది, పెద్దోడితోనా చిన్నోడితోనా?

ఇంతకంటే నన్ను ఆపేసిన విషయం ఇంకోటుంది. అమెరికాలో కనీస వేతనాల చట్టం వచ్చింది 1938లో, గంటకి ఇంతకి తక్కువ ఇవ్వకూడదు, వారంలో ఇన్ని గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి అని. మరుసటి ఏడాదే, 1939లో, దానికొక సవరణ, ఐదొందల ఫోన్ల కంటే తక్కువున్న చిన్న ఎక్స్‌చేంజిల్లో పనిచేసే స్విచ్‌బోర్డు ఆపరేటర్లకి ఈ చట్టం వర్తించదు అని. చిన్న కంపెనీలు భరించలేవు, ఆపరేటర్ ఇంట్లోనే ఉంటది కదా, కాల్స్ రానప్పుడు వంటా వార్పూ చేసుకుంటది కదా, దాన్ని పని అని ఎలా లెక్కేస్తాం, ఇదీ వాదన. గ్రెగరీ లాంటి ఊరి బోర్డు ఈ లెక్క కిందకే వస్తదనుకోవచ్చు.

ఈ రెండు చట్టాల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటేమో ఈవిడ పని దేశానికి ఎంత ముఖ్యం అంటే మానడానికి వీల్లేదు అంటది, ఇంకోటేమో ఈవిడ పని ఎంత చిన్నది అంటే కనీస జీతం కూడా ఇవ్వక్కర్లేదు అంటది. రెండూ ఒకే మనిషి మీద, ఒకే కుర్చీ మీద. సినిమాలో ఈ రెండో చట్టం గురించి ఎవరూ మాట్లాడరు, కానీ స్పేసెక్ ఆ ఇంట్లో తిరిగే తీరు చూస్తే, ఒక చెవి పిల్లల మీదా ఒక చెవి గంట మీదా పెట్టుకుని ఆవిడ తినేది, పడుకునేది చూస్తే, గంటలు లెక్కెయ్యని ఉద్యోగం అంటే ఏంటో తెలిసిపోద్ది.

మరి విడిపోయిన భర్త నుంచి డబ్బు రాదా అంటే, ఇక్కడ టెక్సాస్ ప్రత్యేకత ఒకటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో విడాకుల తర్వాత భార్యకి భరణం ఇప్పించేవాళ్ళు, టెక్సాస్ కోర్టులు మాత్రం ఇప్పించేవి కావు, పెళ్ళయ్యాక సంపాదించిన ఆస్తి పంచుతాం, పిల్లలకి ఇప్పిస్తాం, భార్యకి నెలనెలా ఇమ్మని మాత్రం చెప్పం అన్నది అక్కడి పద్ధతి. ఆ రాష్ట్రంలో ఇలాంటి భరణానికి చట్టం వచ్చింది 1995లో, తప్పు కాదు, తొంభై ఐదే. పిల్లల ఖర్చు ఇమ్మన్నా మనిషి ఆచూకీ ఉంటే కదా వసూలు చేసేది.

దీనికీ యుద్ధానికీ లింకుంది. 1942లో చేసిన చట్టం ప్రకారం మామూలు సిపాయి భార్యకి నెలకి యాభై డాలర్ల చెక్కు వచ్చేది, ఇరవై రెండు అతని జీతంలోంచి, ఇరవై ఎనిమిది ప్రభుత్వం వేసేది, పిల్లలుంటే ఇంకా ఎక్కువ, 1943 అక్టోబర్లో పెంచాక ఒక పిల్లాడున్న భార్యకి ఎనభై. ఆ చట్టంలో విడాకులు తీసుకున్న భార్యకీ చోటుంది, కాకపోతే కోర్టు భరణం ఇమ్మని ఉండాలి. భరణమే ఇప్పించని టెక్సాస్‌లో విడిపోయినావిడ కాయితం మీద ఎక్కడ తేలుద్దో మీరే ఆలోచించండి. ఊళ్ళో పక్కింటావిడ మొగుడు యుద్ధానికి పోయాడు, ఆవిడకి చెక్కొస్తది, చర్చిలో గౌరవం ఉంటది, కిటికీకి ఈ ఇంటి మనిషి సైన్యంలో ఉన్నాడని చెప్పే నీలం నక్షత్రం జెండా ఉంటది. ఇద్దరి ఇళ్ళలోనూ మగాడు లేడు, ఇద్దరి పిల్లలూ నాన్న లేకుండానే పడుకుంటున్నారు, ఒకావిడ త్యాగమూర్తి, ఇంకొకావిడ అనుమానాస్పదం.

అనుమానం అంటే గుర్తొచ్చింది, అప్పటికి అమెరికాలో చాలామట్టుకు విడాకులు కావాలంటే ఎవరో ఒకరి తప్పు రుజువు చెయ్యాల్సి వచ్చేది, క్రూరత్వమో, అక్రమ సంబంధమో, వదిలేసి పోవడమో. తప్పు లేకుండా విడిపోవచ్చు అనే చట్టం టెక్సాస్‌లో వచ్చింది 1970లో. అందుకే విడాకులు అనగానే తప్పెవరిది అన్న ప్రశ్న కూడా అందులోనే కలిసొచ్చేది, ఊరు ఆ తప్పు తనకి తోచినవాళ్ళ మీద వేసేది. 1940లో అమెరికా మొత్తం మీద విడాకులు రెండు లక్షల అరవై వేల పైచిలుకు, యుద్ధం ముగిసిన మరుసటేడు 1946లో ఆరు లక్షలు దాటాయి, హడావుడిగా చేసుకున్న యుద్ధం పెళ్ళిళ్ళు అన్నీ అప్పుడు బయటపడ్డాయి. నీటా ఆ వరదకి రెండేళ్ళు ముందే ఒడ్డున ఒంటరిగా నిలబడి ఉంది.

మన దగ్గర ఎలా ఉండేదో కూడా చెప్పాలి, లేకపోతే మనమేదో ఎత్తున కూర్చుని చూస్తున్నట్టుంటది. అదే 1944లో కోస్తా, రాయలసీమ అంతా మద్రాసు ప్రెసిడెన్సీ, హిందూ స్త్రీకి కోర్టుకెళ్ళి విడాకులు తీసుకునే చట్టమే లేదు, కొన్ని కులాల్లో పెద్దమనుషుల ముందు తెగతెంపులు చేసుకుని మారుమనువు చేసుకునే ఆచారం ఉండేది, మిగతావాళ్ళకి అదీ లేదు. మద్రాసు రాష్ట్రం 1949లో చట్టం చేసింది, దేశమంతటికీ 1955లో వచ్చింది. నీటాకి కనీసం ఆ కాయితం ఉంది.

ఇంకో ముడి ఇల్లు. బోర్డు ఇంట్లో ఉంది అంటే ఇల్లు ఉద్యోగంతో ముడిపడి ఉంది, ఉద్యోగం పోతే గూడు కూడా పోద్ది. కానీ అదే బోర్డు ఆవిడకి పిల్లల్ని చూసుకునే ఏర్పాటు కూడా. యుద్ధ పరిశ్రమలున్న ఊళ్ళలో పనికెళ్ళే తల్లుల కోసం లాన్హమ్ చట్టం కింద ప్రభుత్వం శిశు కేంద్రాలు నడిపింది, అవి ఫ్యాక్టరీలు, షిప్‌యార్డులు ఉన్నచోట, పత్తిచేల మధ్య ఉన్న బుల్లి ఊరికి రావు. కాబట్టి ఏ పని వదిలించుకోవాలని ఉందో ఆ పనే పిల్లల్ని కళ్ళముందు ఉంచుకోనిస్తోంది. మా చెల్లికి ఇది చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "వర్క్ ఫ్రం హోమ్ అన్నమాట" అంది, దానికి మూడేళ్ళ పాప ఉందిలెండి.

ఇప్పుడు క్లైమాక్స్. చాలామందికి ఈ సినిమా మీదున్న కంప్లయింట్ ఒకటే, గంటకి పైగా మెల్లగా అందంగా నడిచి చివర్లో ఒక్కసారిగా థ్రిల్లర్ అయిపోద్ది అని. టెడ్డీ వెళ్ళిపోయాక ట్రిప్లెట్ అన్నదమ్ములు రాత్రి ఇంట్లోకి జొరబడతారు, ఎక్కడ్నుంచో బెయిలీ వచ్చి వాళ్ళతో కలబడి ఆవిణ్ణి కాపాడి తను చచ్చిపోతాడు, అప్పుడు తెలుస్తది అతనే ఆ పిల్లల తండ్రి, ఇన్నాళ్ళూ చింపిరి మనిషిగా కాపలా కాశాడని. బెయిలీగా సామ్ షెపర్డ్ మొహం దాచుకుని బాగా చేశాడు, కాదనను. నాకు మాత్రం తేడా కొట్టింది భయపెట్టినందుకు కాదు. సినిమా అంతసేపూ చూపించిన ప్రమాదం ఏంటి, రూలు, జీతం, ఊరి నోరు, రిగ్బీ కుర్చీ. చివరికొచ్చేసరికి ఆ ప్రమాదమంతా తెచ్చి ఇద్దరు తాగుబోతు పోకిరీల నెత్తిన పెట్టేశారు, వాళ్ళు పోతే సమస్య పోయినట్టే. పైగా వదిలేసి పోయిన మొగుడికి ప్రాణత్యాగంతో మార్కులన్నీ వేసేశారు. రిగ్బీకి ఏం కాలేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా, ట్రిప్లెట్ అన్నదమ్ములకి ఆ ధైర్యం వచ్చింది గాల్లోంచి కాదు, ఊరంతా కలిసి ఆవిడకి పేరు పెట్టాకే వచ్చింది, ఆ వరస సినిమా సరిగ్గానే పట్టుకుంది. టెడ్డీతో నాలుగు రోజులు నవ్వుతూ కనపడగానే పిల్లల్ని వీధిలో ఏడిపించడం మొదలవుద్ది, అది చూసి టెడ్డీని వెళ్ళిపొమ్మని నీటాయే చెప్తది, అతనికి తెల్ల యూనిఫాం ఉంది, వెళ్ళిపోడానికి ఓడ ఉంది.

ఆఖర్న ఆవిడ పిల్లల్ని తీస్కుని బస్సెక్కుద్ది. మా చెల్లి "చూశావా, నేను గంట క్రితమే చెప్పా" అంది. నిజమే, వెళ్ళొచ్చు, ఎప్పుడైనా వెళ్ళొచ్చు, ఆ అరవై రోజులకి సరిపడా ధైర్యమో డబ్బో పోగవ్వాలి, అంతకన్నా ముందు రిగ్బీ మాటలో సగం గాలేనని తెలియాలి.

చేత్తో హ్యాండిల్ తిప్పే ఫోన్ల రోజులు మాత్రం అంత త్వరగా పోలేదు. అమెరికాలో ఇలాంటి ఆఖరి ఎక్స్‌చేంజి మెయిన్ అనే రాష్ట్రంలో బ్రయంట్ పాండ్ అనే ఊళ్ళో ఒక కుటుంబం ఇంటి హాల్లో నడిచింది, దాన్ని తీసేసింది 1983 అక్టోబర్లో, ఈ సినిమా వచ్చిన రెండేళ్ళకి. ఇక ఆ ఐదొందల ఫోన్ల మినహాయింపు సంగతి, యుద్ధం అయ్యాక 1949లో కనీస వేతనం గంటకి నలభై సెంట్లనుంచి డెబ్భై ఐదుకి పెంచారు, అదే సవరణలో చిన్న ఎక్స్‌చేంజి అంటే ఐదొందలు కాదు, ఏడొందల యాభై ఫోన్ల దాకా అని మార్చారు.